మాట్లాడే బళ్ళు, గోదావరి గట్లు

రాజమండ్రి, కొవ్వూరుల మధ్య రోడ్డు కమ్ రైలు వంతెన 1974లో వాడకంలోకి వచ్చింది. కింద రైళ్ళు, పైన రోడ్డు. కింది అంతస్తులో పోయే ప్రతి బండీ ఎక్కడుందో ఎవరో ఒకరికి తెలుసు. ముందు లైను ఖాళీ అయ్యేదాకా వెనక బండికి సిగ్నల్ పడదు. పై అంతస్తులో లారీ వెనక ఆటో, ఆటో వెనక మోటార్ సైకిల్, ఎవరి జాగ్రత్త వారిది. హారన్, హెడ్‌లైటు, డ్రైవరు కన్ను, అంతే సరంజామా. ఆ పై అంతస్తుకూ రేడియోతో మాట నేర్పవచ్చని ప్రపంచం పాతికేళ్ళకు పైగా అంటోంది. ప్రయోగాలు చేశారు, ప్రమాణాలు రాశారు, వాటి మీద పోట్లాడుకున్నారు, కొన్నిటిని మధ్యలోనే వదిలేశారు. ఇందులో గోదావరి డెల్టాకు పనికొచ్చేది ఎంత, ఆర్భాటం ఎంత అన్నదే ఇక్కడ చూడాల్సింది.

అసలు ఊహ చాలా సులువైనది. ప్రతి బండీ తాను ఎక్కడుందో, ఎంత వేగంతో ఎటు పోతోందో, బ్రేకు పడిందో లేదో సెకనుకు పదిసార్లు చుట్టూ చాటుతుంది. పేరు పెట్టి ఎవరినీ పిలవదు. ఊళ్ళో టముకు వేసినట్టు, వినగలిగినవాళ్ళంతా వింటారు. బండికీ బండికీ మధ్య మాటను వీ2వీ అంటారు. రోడ్డు పక్క స్తంభంతో మాట అయితే వీ2ఐ. నడిచేవాడి ఫోన్‌తో సహా అన్నిటినీ కలిపి వీ2ఎక్స్. మామూలుగా 300 మీటర్ల దాకా వినబడాలని లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు బళ్ళు సెకనుకు 33 మీటర్ల చొప్పున దగ్గరవుతాయి కాబట్టి, 300 మీటర్ల దూరంలోనే సంగతి తెలిస్తే డ్రైవరుకు తొమ్మిది సెకన్లు దొరుకుతాయి. కెమెరా అయినా రాడార్ అయినా కంటికి ఆనేదాన్నే చూస్తుంది. మలుపు అవతల ఉన్నదాన్ని చెప్పగలిగేది రేడియో ఒక్కటే.

అమెరికా 1999లోనే ఇందుకోసం 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ జాగా కేటాయించింది. అప్పటి పద్ధతి పేరు డీఎస్ఆర్‌సీ. దానికి ఆధారమైన 802.11పి ప్రమాణం 2010లో ఖరారైంది. ఇది మన ఇంట్లో ఉండే వైఫైకి దగ్గర చుట్టం. వైఫైలో ఫోను రూటరుతో ముందు పరిచయం చేసుకోవాలి, పాస్‌వర్డ్ ఇవ్వాలి. దూసుకొచ్చే లారీకి అంత తీరిక ఉండదు కనుక ఆ తతంగమంతా తీసేశారు. తర్వాత సెల్‌ఫోన్ వర్గం రంగంలోకి దిగింది. 2017లో 3జీపీపీ సంస్థ తన పద్నాలుగో విడత ప్రమాణాల్లో సీ-వీ2ఎక్స్‌ను పెట్టింది. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి టవరు ద్వారా. రెండోది టవరుతో పనిలేకుండా బండి నుంచి బండికి నేరుగా, అదే 5.9 గిగాహెర్ట్జ్‌లో. సిమ్ లేకపోయినా, సిగ్నల్ గీత ఒక్కటీ లేకపోయినా ఈ రెండో దారి నడుస్తుంది. సీ-వీ2ఎక్స్ అంటే 5జీ ఉంటేనే అనుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. 5జీ తరహా నేరు మాట 2020లో పదహారో విడతతో వచ్చింది. బళ్ళు గుంపులుగా కలిసి నడవడం, కెమెరా దృశ్యాలు పంచుకోవడం లాంటి బరువు పనులు దానివి. మన గట్ల మీద ఆ ముచ్చట ఇప్పట్లో తీరేది కాదు, పక్కన పెడదాం.

ఈ రెండు పద్ధతుల మధ్య పోరు ఏళ్ళకు ఏళ్ళు తినేసింది. అమెరికా 2017లో కొత్త కార్లన్నిటికీ డీఎస్ఆర్‌సీని తప్పనిసరి చేసే ప్రతిపాదన తెచ్చి, దాన్ని నాన్చి నాన్చి 2023లో వెనక్కి తీసుకుంది. మధ్యలో 2020లో 75 మెగాహెర్ట్జ్‌లో 45ని వైఫైకి ఇచ్చేసి, మిగిలిన 30ని సీ-వీ2ఎక్స్‌కు మళ్ళించింది. దాని తుది నిబంధనలు 2024 చివరికి గానీ రాలేదు. ఐరోపాలో 802.11పి వైపు మొగ్గిన కమిషన్ ప్రతిపాదనను 2019 జులైలో సభ్యదేశాలు తిప్పికొట్టాయి. అదే ఏడాది వచ్చిన ఎనిమిదో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ మాత్రం 802.11పి రేడియోతోనే వచ్చింది. చైనా ఇంత గొడవ పెట్టుకోలేదు. 2018లో 5.9 పరిధిలో 20 మెగాహెర్ట్జ్ సెల్యులార్ పద్ధతికే ఇచ్చి ముందుకు పోయింది. జపాన్ దారి వేరు. కూడళ్ళలో మూల చాటున ఉన్న బండికి కూడా వినబడాలని 760 మెగాహెర్ట్జ్‌ను ఎంచుకుని, 2015 నుంచి కార్లలో అమర్చుకుంటోంది. నా మట్టుకు నాకు ఈ చరిత్రలో పాఠం ఏ రేడియో గొప్పదన్నది కాదు. రెండూ పనిచేస్తాయి. ఏదో ఒకటి తేల్చకపోవడం వల్ల పోయిన కాలమే అసలు నష్టం. పెట్టుబడి, చిప్‌లు, కార్ల కంపెనీలు ఇప్పుడు సీ-వీ2ఎక్స్ వైపు నిలిచాయి. మనకు కొత్తగా తేల్చుకోవాల్సిన పేచీ లేదు.

మనవాళ్ళు కూడా దీన్ని చేసి చూపించారు. హైదరాబాద్ ఐఐటీ కంది ప్రాంగణంలో తిహాన్ అనే కేంద్రం ఉంది, డ్రైవరు లేని బళ్ళ పరీక్షల కోసం కట్టింది. దాని పరీక్షా మైదానాన్ని 2022 జులైలో ప్రారంభించారు. 2023లో అదే ఐఐటీ, సుజుకీ, మారుతీ సుజుకీ కలిసి సీ-వీ2ఎక్స్ ప్రదర్శన ఇచ్చాయి. వెనక అంబులెన్స్ వస్తోందని, ఎదురుగా ఒకడు రాంగ్ రూటులో వస్తున్నాడని, మనిషి అడ్డం వచ్చాడని, మోటార్ సైకిల్ దగ్గరపడిందని, ముందు రోడ్డు బాగాలేదని కారులోని డ్రైవరుకు హెచ్చరికలు వచ్చాయి. మన రోడ్ల రోగాలు తెలిసినవాళ్ళు రాసిన జాబితా ఇది. పాశ్చాత్య ప్రదర్శనల్లో రాంగ్ రూటు బండికి ఇంత పెద్దపీట ఉండదు.

ఇక డెల్టాలోకి వద్దాం. ఇక్కడి రోడ్లలో హైవేలు పోను, చాలా భాగం కాలవ గట్ల మీదివే. ఒక పక్క కాలవ, ఇంకో పక్క పల్లంలో చేను, రెండు పక్కలా కొబ్బరి చెట్లు. రెండు బళ్ళు తప్పుకోవాలంటే ఒకటి దిగాలి. కోతల కాలంలో రోడ్డులో సగం మీద ధాన్యం ఆరబోసి, టైర్లు ఎక్కకుండా రాళ్ళు పేర్చి ఉంటాయి. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కు, నీళ్ళు కారుస్తూ పోయే చేపల లారీ, పది మందిని ఎక్కించుకున్న షేర్ ఆటో, సాయంత్రం ఇంటికి మళ్ళే గేదెలు. ఒంటి వరస వంతెన దగ్గర రెండువైపుల నుంచీ బళ్ళు వస్తే ముందు లైటు కొట్టినవాడిదే దారి. ఇదీ ఒక వైర్‌లెస్ పద్ధతే. వంతెన తిన్నగా ఉన్నంతసేపు బాగానే నడుస్తుంది. వంతెనకు ముందు మలుపుంటే ఇద్దరూ ఒకేసారి మధ్యలో కలుస్తారు.

ఈ నేల మీద 5.9 గిగాహెర్ట్జ్ ఎలా ప్రవర్తిస్తుందో కాస్త నిలబడి చూడాలి. ఆ తరంగం పొడవు ఐదు సెంటీమీటర్లు. వానకు ఇది ఆగిపోతుందని చాలామంది అనుమానం. కానీ 300 మీటర్ల దూరానికి ఎంత జడివాన అయినా దీన్ని పెద్దగా తగ్గించలేదు. పొగమంచు అసలు లెక్కే కాదు. భోగి ముందు రోజుల్లో తెల్లవారుజామున కెమెరా గుడ్డిదయ్యే చోట రేడియోకు ఏమీ కాదు. దీనికి ఇబ్బంది వానతో కాదు, వానకు తడిసిన ఆకులతో. దట్టమైన తోట ఈ తరంగాన్ని బాగా మింగేస్తుంది, తడిసిన తోట ఇంకా మింగుతుంది. కోనసీమలో గట్టు మలుపు లోపలి వైపు కొబ్బరి, అరటి, కోకో కలిసి గోడలా ఉన్నచోట 300 మీటర్ల మాట బాగా కుదించుకుపోతుంది. జపాన్ వాడే 760 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 40 సెంటీమీటర్లు. ఆకుల మధ్య నుంచి, మూల చుట్టి పోవడంలో దానిదే పైచేయి. మన దగ్గర ఆ పరిధి జాగాకు మొబైల్ కంపెనీలు, రైల్వేలు ముందే హక్కుదారులు కాబట్టి రోడ్లకు దక్కదు. అందుకని మలుపుకో స్తంభం వేసి, దాని మీద రెండువైపులకూ వినిపించే రేడియో పెట్టడం తప్పదు. ఒక బండి మాటను అందుకుని అవతలివైపుకు అదే చెబుతుంది. డెల్టా బల్లపరుపు నేల కావడం ఇక్కడ కలిసొచ్చింది. కొండలుంటే ఇన్ని స్తంభాలతో సరిపోదు.

రెండో చిక్కు ఆనవాలుది. బండి తానెక్కడుందో తప్పు చెబితే ఎంత వేగంగా చెప్పీ లాభం లేదు. మామూలు ఫోన్ జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. చెట్ల కింద ఇంకా ఎక్కువ. గట్టు రోడ్డు వెడల్పే అంత. బండి రోడ్డు మీద ఉంటే మ్యాపు దాన్ని కాలవలో చూపిస్తుంది. లేదా అవతలి గట్టు మీద చూపించి, లేని బండికి హెచ్చరిక కొడుతుంది. పదిసార్లు అబద్ధపు హెచ్చరిక విన్న డ్రైవరు పదకొండోసారి పెట్టెను ఆపేస్తాడు. మన నావిక్ ఉపగ్రహాల ప్రయోగం 2013లో శ్రీహరికోట నుంచే మొదలైంది. అవి తోడైతే ఆకాశంలో కనబడే ఉపగ్రహాల సంఖ్య పెరిగి ఆనవాలు కొంత కుదురుతుంది. 2023 మేలో వెళ్ళిన ఎన్‌వీఎస్-01 నుంచి మామూలు ఫోన్లు, చిన్న పరికరాలు సులువుగా అందుకునే ఎల్1 సంకేతం కూడా వస్తోంది. అయినా అంగుళాల లెక్క కావాలంటే నేల మీద సవరణ కేంద్రాలు ఉండాల్సిందే.

వీటన్నిటికంటే పెద్దది మూడో చిక్కు. ఎంతమంది మాట్లాడతారు? వందలో పది బళ్ళకు రేడియో ఉందనుకుందాం. ఎదురుపడ్డ రెండింటికీ ఉండే అవకాశం నూటికి ఒకటి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు, 19.5 శాతం నడిచిపోయేవాళ్ళు. ఖరీదైన కారులో పెట్టే పెట్టె ఖరీదైన కార్లను ఒకదాన్నుంచి ఇంకోదాన్ని కాపాడుతుంది. లైటు లేని ట్రాక్టర్ ట్రక్కుకు రేడియో పెట్టమనడం హాస్యం. ముందు దానికి ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కరు అంటించాలి. ఆ పని ఏ రేడియో కంటే చవక, ఏ రేడియో కంటే ముందు జరగాల్సింది.

మరి మనకు ఇప్పటికే ఉన్నదేమిటి? ఈతకోట టోల్‌గేట్ దగ్గర నిలబడితే దేశంలో అన్నిటికంటే ఎక్కువ బళ్ళకు చేరిన వైర్‌లెస్ పరికరం కనబడుతుంది. ఫాస్టాగ్‌కు బ్యాటరీ లేదు. పైనున్న రీడరు 865–867 మెగాహెర్ట్జ్‌లో పంపే శక్తినే కాస్త తీసుకుని, తన నంబరు అద్ది వెనక్కి తిప్పి కొడుతుంది. కొన్ని మీటర్ల దూరంలోనే పలుకుతుంది. అద్దం లోపల అంటించకుండా చేత్తో ఎత్తి చూపించేవాళ్ళుంటారు. అది చదవక గేటు లేవకపోతే చేతి రీడరు పట్టుకుని సిబ్బంది పరిగెత్తుకొస్తారు. ఈలోగా వెనక హారన్ల మోత. 2021 ఫిబ్రవరి మధ్య నుంచి ఇది తప్పనిసరి. ప్రమాదం గురించి ఇది ఏమీ చెప్పలేదు, డబ్బులు తీసుకోగలదు అంతే. కానీ ఒకే ప్రమాణం, ఒకే గడువు, ట్యాగు లేకపోతే రెట్టింపు అనే మూడు మాటలతో కోట్ల బళ్ళను దారికి తెచ్చింది. వీ2ఎక్స్ వెనకబడింది సరిగ్గా ఆ మూడు దగ్గరే.

ఏఐఎస్-140 సంగతి దీనికి తిరగేసి చూడాలి. ప్రయాణికుల వాహనాల్లో ఆనవాలు చెప్పే యంత్రం, ఆపదలో నొక్కే బటన్ ఉండాలని తెచ్చిన ప్రమాణం అది. కొత్త బళ్ళకు 2019 జనవరి 1 నుంచి అమలు. సిమ్ కార్డు మీద నడుస్తుంది, నావిక్‌ను కూడా వినాలి. వినడానికి బాగుంది. కానీ మూడు చక్రాల బళ్ళకు మినహాయింపు ఇచ్చారు. అమలాపురం నుంచి అంబాజీపేటకో, భీమవరం నుంచి ఆకివీడుకో జనాన్ని మోసేది ఎక్కువగా ఆటోలే. బస్సుకు కన్ను పెట్టి ఆటోను వదిలేసిన నియమం డెల్టాలో సగం నియమమే.

బస్సు మీద ఇంకో తెలుగు ప్రయోగం జరిగింది. ఐరాస్తే పేరుతో తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ప్రమాదాన్ని పసిగట్టే కెమెరాలు పెట్టారు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, ఇంటెల్, కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ వంటివి ఇందులో ఉన్నాయి. డ్రైవరుకు అప్పటికప్పుడు హెచ్చరిక వస్తుంది. అంతకంటే విలువైనది, తప్పిన ప్రమాదాలు ఎక్కడెక్కడ పోగుపడుతున్నాయో లెక్క తేలుతుంది. మనుషులు చనిపోయాక బ్లాక్ స్పాట్ అని బోర్డు పెట్టడం మనకు అలవాటు. చనిపోకముందే ఆ చోటు చూపించే పద్ధతి ఇది. రాజమండ్రి, అమలాపురం డిపోల బస్సులు రోజూ అవే మలుపులు తిరుగుతాయి. స్తంభాలు ఏ మలుపులో వేయాలో చెప్పడానికి ఇంతకంటే మంచి సర్వే ఉండదు.

మళ్ళీ వంతెన కింది అంతస్తు గురించి ఒక మాట. బండ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, డ్రైవరు ఆదమరిచినా బ్రేకు వేయడం మన దేశంలో రోడ్డు మీద ఇంకా కల. పట్టాల మీద అది నిజమైంది, అదీ తెలుగు నేల మీద. ఆ రైల్వే వ్యవస్థ పేరు కవచ్. దాని తొలి పరీక్షలు దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి, వికారాబాద్ వైపు జరిగాయి. ప్రయాణికుల రైళ్ళ మీద 2016లో మొదలయ్యాయి. 2020లో దేశమంతటికీ ప్రమాణంగా తీసుకున్నారు. ముందు తయారీకి అర్హత పొందిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ కంపెనీలే. 2022 మార్చిలో గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఇంజిన్‌లో ఉండగా అదే పట్టాల మీద ముందు ఇంకో ఇంజిన్‌ను ఉంచి పరీక్షించారు. బండి 380 మీటర్ల ముందే తనంతట తాను ఆగింది. పట్టాల మధ్య ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు ఆనవాలు చెబుతాయి, స్టేషన్ టవర్లు రేడియో మాట మోస్తాయి. రోడ్డు వీ2ఎక్స్‌లో ఉన్న ముక్కలన్నీ ఇందులో ఉన్నాయి. తేడా యజమాని దగ్గర. రైళ్ళన్నిటికీ యజమాని ఒక్కరే. రోడ్డు మీద యజమానులు కోట్లలో ఉంటారు. అందుకే రోడ్డు మీద కూడా ఒకే యజమాని కింద ఉన్న బళ్ళతో, అంటే ఆర్టీసీ బస్సులు, 108 అంబులెన్సులు, ఫైర్ ఇంజిన్లతో మొదలుపెట్టడమే తెలివి.

సెకనులో పదో వంతు తొందర అవసరం లేని మాటలు కొన్ని ఉన్నాయి. డెల్టాలో వాటి విలువ బ్రేకు హెచ్చరిక కంటే తక్కువేమీ కాదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దాటితే రెండోది, 17.75 దాటితే మూడోది. 2022 జులైలో మూడోదీ దాటింది. అప్పటికి కనకాయలంక లాంటి లంకలకు వెళ్ళే కాజ్‌వేలు ఎప్పుడో మునిగి ఉంటాయి. కానీ మ్యాపు యాప్‌లో ఆ దారి మామూలుగానే కనబడుతుంది. ఊరివాడికి తెలుసు, బయటి నుంచి వచ్చిన పాల వ్యాన్‌కు తెలియదు. దీనికి 5.9 గిగాహెర్ట్జ్ అక్కర్లేదు. కాజ్‌వే పక్కన నీటిమట్టం కొలిచే గడ, దానికి సోలార్ పలక, లైసెన్సు అవసరం లేని 865–867 మెగాహెర్ట్జ్‌లో కిలోమీటర్ల దూరం పోయే లోరా రేడియో ఉంటే చాలు. చిన్న మాట, చిన్న ఖర్చు, బ్యాటరీ ఏళ్ళ తరబడి వస్తుంది. అక్కడి నుంచి జనానికి చేర్చడానికి సెల్ బ్రాడ్‌కాస్ట్ ఉంది. 2023లో ఫోన్లు ఉన్నట్టుండి భోరున మోగి ఇది పరీక్ష అని చెప్పాయే, అదే. సీ-డాట్ తయారుచేసింది. టవరు పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి చేరుతుంది, నంబర్లు తెలియనక్కర్లేదు, నెట్‌వర్క్ కిక్కిరిసినా ఆగదు. ఇప్పుడున్న 4జీ ఈ పనికి నిండుగా సరిపోతుంది.

ఇంత మాట్లాడే బళ్ళు మన గుట్టు ఎవరికి చెబుతాయన్న భయం నిజమైనదే. సెకనుకు పదిసార్లు ఆనవాలు చాటే బండిని ఎవరైనా వెంబడించవచ్చు. అందుకని ప్రమాణాల్లో బండి తరచూ పేరు మార్చుకుంటుంది. ప్రతి మాట మీదా డిజిటల్ సంతకం ఉంటుంది, దొంగ అంబులెన్స్ వచ్చి సిగ్నల్ పచ్చగా మార్చుకోకుండా. ఈ సంతకాలు ఇచ్చే వ్యవస్థను ఎవరు నడుపుతారు, పోలీసులు ఎప్పుడు అడగవచ్చు అన్నవి టెండరు రాకముందే తేలాలి. తర్వాత తేలుద్దామంటే తేలవు.

2015 జులైలో గోదావరి పుష్కరాలకు హైవే మీద గంటల తరబడి ట్రాఫిక్ నిలిచిపోయింది. తొలిరోజే రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాట జరిగింది. మళ్ళీ పుష్కరాలు 2027లో. అప్పటికి ఎటూ కెమెరాలకు, కంట్రోల్ రూములకు డబ్బు ఖర్చవుతుంది. ఆ టెండర్లలో నాలుగు పనులు రాయాలని డెల్టా జిల్లాల కలెక్టర్లను అడగాలి. రాజమండ్రికి వచ్చే 108లకు, ఆర్టీసీ బస్సులకు, ఊళ్ళోని ప్రధాన కూడళ్ళకు సీ-వీ2ఎక్స్ రేడియోలు పెట్టాలి. మునిగే ప్రతి కాజ్‌వేకూ నీటి గడ వేయాలి. మూసిన దారుల సమాచారం మ్యాపు కంపెనీలన్నీ తీసుకునేలా బహిరంగంగా, అప్పటికప్పుడు పెట్టాలి. రేడియోలు కొనే ముందే ప్రతి ట్రాక్టర్ ట్రక్కుకూ వెనక రిఫ్లెక్టర్ అంటించి తీరాలి. ఈ నాలుగిట్లో మొదటి పనికే పెద్ద డబ్బు కావాలి. మిగతా మూడూ ఈ పంటకాలంలోనే మొదలుపెట్టవచ్చు.